మల్లెపూల లారీ మీద సాలూరు అభిప్రాయాలు

ఆ రోజుల్లో అభిప్రాయం అనేది అడిగి పుచ్చుకునే వస్తువు కాదు. కొత్త చీర కట్టుకుని వీధిలోకి వస్తే నాలుగు అరుగుల మీంచి నాలుగు అభిప్రాయాలు వచ్చి మీద పడేవి. ఇప్పుడు నా పుస్తకం ఏదైనా అచ్చయితే చదివినవాళ్ళు ఫోను చేసి "చాలా బాగుందండీ మేడం" అంటారు. ఎక్కడ బాగుందని అడిగితే "మొత్తం" అంటారు. మొత్తం బాగున్న పుస్తకం నేను ఇంతవరకు రాయలేదని నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు (చదివి ఉంటే). అలాంటి ఫోను పెట్టేశాక నాకు సాలూరు గుర్తొస్తుంది. అరవైల చివర్లో, నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, నా మొట్టమొదటి నవల మీద పదిమంది లారీ డ్రైవర్లు చెప్పిన అభిప్రాయాలు గుర్తొస్తాయి. వాటిని కాగితం మీద పెట్టింది నేనే. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

నేను సాలూరు చేరడానికి కారణం పీయూసీ తప్పడం. విజయనగరంలో మా అమ్మ నా మొహం చూసినప్పుడల్లా మార్కుల కాగితం గుర్తు తెచ్చుకుని గరిటె కింద పడేసేది. ఇంట్లో గరిటెలు మిగలవనిపించి మా నాన్న నన్ను సాలూరులో వాళ్ళక్క దగ్గర దిగబెట్టాడు. మా మేనత్త అక్కడ ఇంటి ముందుగదిలో అద్దె పుస్తకాల కొట్టు నడిపేది. మావయ్యకి కోరాపుట్‌లో పని. నెలకోసారి వచ్చి, రెండు డిటెక్టివు నవలలు చదువుకుని, అత్తని పలకరించడం గుర్తొస్తే పలకరించి వెళ్ళిపోయేవాడు. అత్త మనిషి సన్నం, గొంతు లావు. లోకంలో ఆవిడ సహించలేనిది ఒక్కటే, పుస్తకం మార్జిన్లో రాతలు. "హీరో ఉత్త వెధవ" అనీ, "ఇరవయ్యో పేజీ చింపినవాళ్ళ చెయ్యి పడిపోను" అనీ పాఠకులు రాసిపెట్టినవి చూసి చూసి విసిగిపోయి, ఒక లాంగు నోటుబుక్కు కుట్టించి బల్ల మీద పెట్టింది. పుస్తకం తిరిగిచ్చేవాళ్ళు అందులో అభిప్రాయం రాయాలి. రాయకపోతే రెండో పుస్తకం ఇవ్వదు. "బాగుంది" అని రాసి తప్పించుకుందామంటే ఒప్పుకోదు. "ఏటి బాగుందో రాయండి. కూర బాగుందంటే ఉప్పు బాగుందా, కారం బాగుందా?" అని నిలదీసేది. ఊళ్ళో హైస్కూలు మేష్టర్లు కూడా ఆ బుక్కు ముందు చెమటలు పట్టి నిలబడేవారు.

మా కొట్టు పక్కనే లారీల బుకింగాఫీసు. సాలూరంటే లారీలే కదా. లోడు వంతు వచ్చేదాకా డ్రైవర్లు పూటల తరబడి అక్కడ పడిగాపులు పడేవారు. పేకాడేవారు, పోట్లాడుకునేవారు, మళ్ళీ పేకాడేవారు. ఆ గోల పడలేక అత్త ఒక ఉపాయం చేసింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నేను మా అరుగు మీద కూర్చుని ఏదో ఒక నవల పైకి చదవాలి, వాళ్ళు వినాలి. పీయూసీ తప్పినదానికి ఇంతకన్నా గౌరవమైన ఉద్యోగం దొరకదని అత్త నమ్మకం. విన్నవాళ్ళకి కూడా అభిప్రాయం చెప్పే బాధ్యత ఉందని ఆవిడ రెండో నమ్మకం. వాళ్ళలో ముగ్గురు సంతకం గీయగలరు గానీ చదవడం ఎవరికీ రాదు. అందుకని వాళ్ళు నోటితో చెప్పాలి, నేను రాయాలి, కింద వాళ్ళు వేలిముద్ర వెయ్యాలి. ఇంకు దిండు బుకింగాఫీసు నుంచి అరువు. వేలిముద్ర లేని అభిప్రాయం అత్త దృష్టిలో గాలికి పోయే మాట.

ఇక నా నవల సంగతి. పేరు 'మల్లెపూల లారీ'. (నవ్వండి, పరవాలేదు. నేను చాలా ఏళ్ళ కిందటే నవ్వేశాను.) పరీక్ష తప్పిన ముగ్గురు కుర్రాళ్ళు, ఒక అమ్మాయి, ఒక గ్రామఫోను కలిసి మల్లెపూల లోడు లారీ ఎక్కి, తప్పిపోయిన సంగీతం మేష్టారిని వెతుక్కుంటూ సాలూరు నుంచి ఒరిస్సాలో ఉన్న జైపూరు వెళతారు. దారి పొడుగునా వెన్నెల. దారి పొడుగునా పాటలు. అందరూ జీవితం గురించి మాట్లాడతారు, ఎవరికీ ఆకలి వెయ్యదు. గ్రామఫోను పేరు కోకిల. రచయిత పేరు 'సంచారి'. సంచారి అప్పటికి చేసిన సంచారం విజయనగరం నుంచి బొబ్బిలి మీదుగా సాలూరు దాకా, అదీ రైల్లో, నాన్న పక్కన కూర్చుని, కిటికీలోంచి బొగ్గు పడుతుందని కళ్ళు మూసుకుని. విజయవాడలో ఒక ప్రచురణకర్తకి ఆ సమయంలో ఏం తోచిందో, దాన్ని అచ్చేశాడు. ఇంట్లో చెప్పలేదు, అత్తకీ చెప్పలేదు. పీయూసీ తప్పినది నవల రాసిందంటే, ఎందుకు తప్పిందో తెలిసిపోతుందని భయం.

రెండో నవల పంపిన నెలకి ఆయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. (కొట్టుకొచ్చే టపా తీసుకునేది నేనే కాబట్టి అత్త కంట పడలేదు.) మొదటి నవలని ఎవరైనా చదివారో లేదో తమకి తెలియరావడం లేదనీ, పదిమంది పాఠకుల అభిప్రాయాలు సంతకాలతో సహా పంపితే రెండోది వేసే విషయం ఆలోచిస్తామనీ రాశాడు. ఆ కార్డు పట్టుకుని నేను ఆ రాత్రి అన్నం తినలేదు. రెండో నవల కూడా అచ్చయితే నేను రచయిత్రిని. అవకపోతే పీయూసీ తప్పినదాన్ని. ఈ రెండింటికీ మధ్య నాకు ఇంకో పేరు లేదు. మర్నాడు కొత్తగా వచ్చిన పుస్తకాల కట్టలో నా దగ్గరున్న కాపీ ఒకటి దూర్చి, "అత్తా, ఇదేదో కొత్తగా ఉంది, అరుగు మీద చదవనా?" అని అడిగాను. అత్త అట్ట చూసి, "పూలెక్కువున్నాయి" అంది. అదే నా నవల మీద మొదటి అభిప్రాయం.

అరుగు మీద వినేవాళ్ళలో ముఖ్యుడు సుంకి మావ. సాలూరు దాటాక ఒరిస్సా వైపు ఎక్కే సుంకి ఘాటీ కొండదారిలో ఇరవయ్యేళ్ళుగా లారీ తోలుతున్నాడని ఆ పేరు. (అసలు పేరు చెప్పను, ఆయన మనవలు ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉన్నారు.) మెల్లగా మాట్లాడేవాడు, బీడీ ఆరిపోయినా నోట్లోనే ఉంచుకునేవాడు. రెండోవాడు రేడియేటర్ బావ. కుర్రవాడు, చిన్న మాటకే మరిగిపోతాడని తోటివాళ్ళు పెట్టిన పేరు. నేను గొంతు సవరించుకుని, మొదటి పేరా చదివి, "మల్లెల పరిమళాన్ని మోస్తూ ఆ లారీ కదిలింది" అన్నానో లేదో, రేడియేటర్ బావ లేచి నిలబడ్డాడు.

"మల్లిపూలా? సాలూరు నుంచి జైపూరుకి లారీడు మల్లిపూలా? ఎవులు పెట్టుకుంటారమ్మా అన్నేసి పూలు?"

"కథ కదా," అన్నాను.

"కతయితే మాత్రం? పైకెళ్ళేది ఉప్పు, ఉల్లిపాయలు, ఎండుసేపలు. దిగేటప్పుడు సింతపండు. పూలు ఘాటీ ఎక్కీసరికి పచ్చడైపోతాయి."

"కూకోరా," అన్నాడు సుంకి మావ. "పూలనుకో. నీ బాబు సొమ్మేటి పోయింది? సదువమ్మా."

చదివాను. రెండో రోజు గ్రామఫోను వచ్చింది. కదిలే లారీ మీద, పూల బుట్టల నడుమ, కోకిల పాట పాడుతోంది. ఈసారి సుంకి మావే చెయ్యెత్తాడు. "ఆ పెట్టి మీద ముల్లు నిలుస్తాదా అమ్మా? సుంకి ఘాటీలో నా పళ్ళే నిలవవు." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒక్కొక్కరిని పేరుపేరునా తిట్టుకుంటున్నాను. సాహిత్యం తెలియని మొద్దులు, వీళ్ళ కోసమా నేను ఆ వెన్నెల పదకొండుసార్లు తిరగరాసింది అనుకున్నాను. మూడో రోజు అసలు ముప్పొచ్చింది. లారీ ఘాటీ ఎక్కడం మొదలుపెట్టింది. నేను మంచి ఊపులో ఉన్నాను, లోయలు, మేఘాలు, ఏవేవో వర్ణిస్తున్నాను. తలెత్తి చూస్తే ఎదురుగా ఒక్కడి మొహంలో కూడా రక్తం లేదు. రేడియేటర్ బావ చెవులు మూసుకున్నాడు.

"ఆపీయ్ తల్లీ. అమ్మోరి రాయి దగ్గర ఆపనేదేటి లారీ? కొబ్బరికాయ కొట్టకుండా ఎక్కించీసినాడేటి?"

ఘాటీ మొదట్లో అమ్మవారి రాయి ఒకటుందనీ, అక్కడ కాయ కొట్టకుండా ఏ లారీ పైకి వెళ్ళదనీ నాకు తెలిస్తే కదా. కథలో సరే, వినడానికి కూడా వాళ్ళు ఒప్పుకోలేదు. రేపు ఘాటీ ఎక్కాల్సిన వాళ్ళు ఇద్దరు, ఈ కథ విన్న చెవులతో ఎక్కలేమని లేచిపోబోయారు. పదిమందీ పోతే నా పది అభిప్రాయాలూ పోతాయి. ఇంక చేసేది లేక, పుస్తకంలో ఉన్నట్టే నటిస్తూ, "అంతలో డ్రైవరు ఏదో గుర్తొచ్చి లారీని వెనక్కి దింపి, అమ్మవారి రాయి ముందు ఆపి, కొబ్బరికాయ కొట్టెను" అని చదివేశాను. అందరూ ఊపిరి పీల్చుకుని కూర్చున్నారు. సుంకి మావ మాత్రం అనుమానంగా, "ముక్కలు పంచినాడా?" అన్నాడు. పంచాను. గ్రామఫోను పట్టుకున్న అమ్మాయికి కూడా ఒక ముక్క పెట్టి, అక్కడ్నుంచి లోయల్లోకి వెళ్ళాను. నా నవలలో వాళ్ళు కడుపు నింపుకున్నది ఆ ముక్కతోనే.

మధ్యలో లోడుకి వెళ్ళొచ్చినవాళ్ళకి తప్పిన పేజీలు మళ్ళీ చదవడంతో కలిపి, నూట ముప్పై పేజీలు తొమ్మిది రోజుల్లో అయ్యాయి. అభిప్రాయాల వంతు వచ్చింది. నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, కలం తెరిచి, "చెప్పండి" అన్నాను. రేడియేటర్ బావ అందరికన్నా ముందొచ్చాడు. "రాయమ్మా. ఈ కత రాసినోడు జన్మలో లారీ ఎక్కనేదు. అంతా గాల్లో కట్టీసినాడు." నా కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత, నేను ఆపినా ఆగకుండా (ఇన్నాళ్ళూ నన్ను నేను సమర్థించుకోవడానికి చెప్పుకున్న మాట ఇదే, నమ్మకండి), "రచయిత ఊహాశక్తి ఆకాశాన్నంటింది" అని రాసింది. బావ బొటనవేలు తెచ్చి కింద ముద్ర వేశాడు. ఎవరికీ చదవడం రాదు. అత్త లోపల వంట చేసుకుంటోంది. అక్కడ్నుంచి నా చేతికి అడ్డు లేకుండా పోయింది. ఒకాయన "నిద్దరొచ్చీసిందమ్మా" అంటే "మనసుకు ఎంతో ప్రశాంతత చేకూర్చింది" అని రాశాను. ఇంకొకాయన "బుర్ర తిరిగిపోనాది" అంటే "మైమరిచిపోయాను" అయింది. "ఆ గుంటలు నలుగురికీ పనీ పాటా నేదేటి?" అన్న దాన్ని "యువత ఆశయాలకు అద్దం పట్టింది" చేశాను. ఇంత చక్కగా నేను నవల రాయలేదు.

చివరికి సుంకి మావ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చెప్పడానికి ముందు ఆయన ఎప్పుడూ బీడీ తీసి పక్కన పెట్టేవాడు కాదు, ఆ రోజు పెట్టాడు.

"లారీ తోలినోడికి పేరు నేదమ్మా," అన్నాడు. "ఆ పాటల పెట్టికి పేరెట్టినాడు. కుర్రోళ్ళకి పేర్లున్నాయి, ఆళ్ళ తాతలకి పేర్లున్నాయి. మొదట్నుంచీ ఆఖరిదాకా తోలినోడు మాత్రం డ్రైవరు. తిన్నట్టు నేదు, తొంగున్నట్టు నేదు. ఆడికీ ఓ ఇల్లున్నాదని రాసినోడికి తట్టనేదు. ఆడిది ఒక్కటే మాట, పదండి అంటాడు. అంతే. రాయి."

నేను రాశాను. "పాత్రచిత్రణ అమోఘం. ప్రతి పాత్రా నా హృదయాన్ని తాకింది." ఆయన మిగతావాళ్ళలా వేలు పొడిచి వెళ్ళిపోలేదు. పంచె అంచుతో బొటనవేలు తుడుచుకుని, ఇంకు దిండు మీద నెమ్మదిగా అద్ది, కాగితం మీద గీతలన్నీ పడేలా ఒత్తి, ఆరడానికి నోటితో ఊదాడు. నాకు ఆ సమయంలో సిగ్గేమైనా వేసిందా అంటే, అబద్ధం ఎందుకు, వెయ్యలేదు. పది పూర్తయ్యాయన్న సంతోషం ఒక్కటే ఉంది.

ఆ పేజీలు నోటుబుక్కులోంచి కోసి విజయవాడకి పంపాలి. సంత రోజున అత్త పనిలో ఉంటుందని, ఆ మధ్యాహ్నం బ్లేడు పట్టుకుని బల్ల దగ్గరకి వెళ్ళాను. సరిగ్గా అప్పుడే సుంకి మావ వచ్చాడు. తలకి నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వెనకాల ఆయన భార్య, నెత్తిన సంత బుట్టతో. మామూలుగా అరుగు దాటి లోపలికి రాని మనిషి, ఆ రోజు గడప దగ్గర నిలబడి అత్తతో, "అమ్మా, మా ఆడదానికి ఓపాలి సదివి సెప్పండి. నా మాట బుక్కులో ఉన్నాదంటే నమ్మతం నేదు" అన్నాడు. నేను చదువుతానత్తా అని దూకాను. అత్త అప్పటికే కళ్ళజోడు పెట్టేసుకుంది. పేజీలు తిప్పి, ఆ వేలిముద్ర వెతికి, పైనున్న రెండు వాక్యాలూ గట్టిగా చదివింది.

మావ భార్య పకపకా నవ్వింది. "హృదయమా? నీకు ఎప్పుడొచ్చిందది?" అంది. మావ నవ్వలేదు. "మళ్ళీ సదవండమ్మా," అన్నాడు. అత్త మళ్ళీ చదివింది.

"ఇది నాను సెప్పింది కాదు."

ఆయన బుక్కు మీదికి వంగి తన వేలిముద్ర కేసి చూశాడు. అరిచి ఉంటే బావుండేది. అరవలేదు. "మా అయ్య కూడా ఇలాగే ముద్రేసినాడమ్మా," అన్నాడు నా వైపు తిరిగి. "పైన షావుకారు ఏటి రాసుకున్నాడో మా అయ్యకి తెలీదు. గరువు భూమి పోనాది. అందుకే నాను లారీ ఎక్కినాను. షావుకారు సదువుకున్నోడు. నువ్వూ సదువుకున్నదానివే కదా."

అత్త కళ్ళజోడు తీసి, "ఎందుకు రాసేవే ఇలాగ?" అంది. నా చేతిలో బ్లేడు అలాగే ఉంది. దాచుకోవడానికి చోటు లేక, "ఆ నవల నాదత్తా" అన్నాను. "నీదంటే? కొన్నావా?" అంది అత్త. "రాశాను" అన్నాను. మావ భార్య బుట్ట కిందికి దించి, "ఈ గుంటేనా?" అని నన్ను పైనుంచి కింద దాకా చూసింది. ఆ చూపులో రచయిత అనే జాతి మీద ఆవిడకి ఉన్న గౌరవం ఏదైనా ఉంటే అదీ పోయింది.

"నువ్వెప్పుడైనా లారీ ఎక్కినావా?" అన్నాడు మావ.

"లేదు."

"మరెలాగ రాసీసినావు?"

"అరుగు మీంచి చూసి."

"నన్నడిగితే సెప్పీదును కదమ్మా," అన్నాడు. "రోజూ నీ ఎదురుగానే కూకుంటన్నాను కదా."

అంతవరకు ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. చిన్న ఏడుపు కాదు. బుకింగాఫీసు గుమాస్తా బయటికొచ్చి ఎవరు పోయారని అడిగేంత ఏడుపు. అత్త నన్ను ఊరుకోబెట్టలేదు. ఏడుపు అయ్యేదాకా నిలబడి, అయ్యాక విజయవాడ కార్డు సంగతి కూడా నా చేత చెప్పించి, నోటుబుక్కు నా ముందు పెట్టి, "పేజీలు కొయ్యకు. అడ్డంగా గీత కొట్టు. పదిమందినీ పిలిచి నీ నోటితోనే సెప్పి, మళ్ళీ రాయి. ఈసారి ముద్రేసేముందు నేను పైకి సదువుతాను" అంది. మర్నాడు అరుగు మీద పదిమంది ముందు నిలబడి చెప్పాను. రేడియేటర్ బావ మరిగి, చల్లారి, మళ్ళీ మరిగాడు. పాత అభిప్రాయానికి ఇంకో వాక్యం కలపమన్నాడు. "ఈ పిల్లకి అబద్దం కూడా సరిగ్గా సెప్పడం రాదు. ఇలాటి మాటలు నా నోటంట వస్తాయని ఎవులు నమ్ముతారు?" అది కూడా రాశాను. పాత్రచిత్రణ గురించి చెప్పిందంతా సుంకి మావ మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు, ఒక్క ముక్క తగ్గించకుండా. అత్త చదివి వినిపించింది. ఆయన తలూపి ముద్ర వేశాడు. ఈసారి ఊదలేదు.

ఇప్పుడు వాటిని పంపాలా వద్దా? అత్తని అడిగాను. "పంపితే నీ రెండో పుస్తకం పోతాది. పంపకపోతే ఏటి పోతాదో నువ్వే ఆలోసించుకో," అని పప్పు పోపు పెట్టడానికి వెళ్ళిపోయింది. ఆవిడ పెద్ద ప్రశ్నలన్నీ పోపు వేళకే అడిగేది. పదీ శుభ్రంగా నకలు తీసి, కింద మళ్ళీ ముద్రలు వేయించుకుని, కవరులో పెట్టి, పోస్టుడబ్బాలో వేశాను. వేసిన మరుక్షణం నాలో ఉన్న రచయిత్రి లేచొచ్చి, కవరు బయటికి లాగుదామని డబ్బాలో చెయ్యి పెట్టింది. చెయ్యి మణికట్టు దాకా వెళ్ళింది గానీ తిరిగి రాలేదు. సాయంత్రం టపా తీసే పోస్టుమాన్ వచ్చి గాజులు పగలగొట్టి విడిపించేదాకా నేను ఆ ఎర్ర డబ్బాని కావలించుకునే ఉన్నాను. ఊళ్ళో సగం మంది చూశారు. వాళ్ళ అభిప్రాయాలు ఇక్కడ రాయను.

విజయవాడ నుంచి జవాబు పది రోజుల్లో వచ్చింది, రెండో నవల రాతప్రతితో సహా. కార్డు మీద రెండే వాక్యాలు. "మీ పాఠకుల అభిప్రాయాలు శ్రద్ధగా చదివాము. వారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాము."

ఆ మధ్యాహ్నం నేను అరుగు మీదికి వెళ్ళలేదు. సుంకి మావే గడప దగ్గరకొచ్చి ఏటైందని అడిగితే, అత్త కార్డు చదివి వినిపించింది. నేను తలుపు వెనక నుంచి వింటున్నాను. ఆయనకి జాలి కలుగుతుందని ఎదురుచూశాను. "మంచోడే," అన్నాడు ప్రచురణకర్త గురించి. తర్వాత, "ఆ తిరిగొచ్చిన కాయితాలు తెమ్మనండి, అది కూడా ఇందాం" అన్నాడు. అచ్చవని నవలా, ఎందుకూ అని అత్త అంటే, "మాకు అచ్చయినా ఒకటే, అవకపోయినా ఒకటే కదమ్మా" అన్నాడు. ఆ మాట నిజమే మరి.

రెండోదీ లారీ కథే. (బుద్ధి ఒక్కసారితో రాదు.) ఎండుచేపలు అమ్ముకునే ఇంటి పిల్ల, మాటపట్టింపుతో ఇల్లొదిలి వెళ్ళిపోయిన అక్కని వెతుక్కుంటూ కోరాపుట్ బయలుదేరుతుంది. మొదటి పేజీలోనే పదిచోట్ల ఆపారు. ఇక్కడ సుంకి మావ నన్ను లారీ ఎక్కించి ఘాటీ అంతా తిప్పి చూపించాడని రాస్తే మీకు బావుండేది. ఎక్కించలేదు. మా అత్త బతికుండగా అది జరిగే పని కాదు. ఆయన అరుగు మీద కూర్చునే తోలాడు. కాలితో క్లచ్ నొక్కుతూ, ఖాళీ గాజు గ్లాసుని గేరు చేసుకుని మారుస్తూ, ఎక్కడ ఇంజను మూలుగుతుందో, ఎక్కడ నీళ్ళు పొయ్యాలో, ఏ మలుపు దగ్గర డ్రైవరు భార్యని తలుచుకుంటాడో, రెండు గంటలసేపు సుంకి ఘాటీ మొత్తం ఎక్కించి దింపాడు. నేను రాసుకున్నాను. ఈసారి చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను. డ్రైవరుకి పేరు పెట్టాను, ఇల్లు కట్టాను, పంటి నొప్పి కూడా ఇచ్చాను. రాసింది వాళ్ళకే చదివేదాన్ని, వాళ్ళు తిట్టేవారు, మళ్ళీ రాసేదాన్ని. అలా నాలుగు నెలలు. ఆ నవల తర్వాత ఎప్పుడైనా అచ్చయిందా అని మీరు అడగబోతున్నారు. కాలేదు.

ఆఖరి అధ్యాయం చదివిన రోజు చెబుతాను. సుంకి మావ లారీకి ఆ పూటే లోడు వంతు వచ్చింది. ఆయన అరుగు మీద వింటున్నాడు, అవతల కళాసీలు ఉప్పు బస్తాలు ఎక్కిస్తున్నారు. కథలో లారీ కోరాపుట్‌లో అక్క ఇంటి ముందు ఆగింది. వాకిట్లో దీపం ఉంది. తలుపు తీస్తుందో, మొహం మీద వేస్తుందో తెలియక పిల్ల క్యాబిన్లో అలాగే కూర్చుండిపోయింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఇక్కడ సాలూరులో తాళ్ళు కట్టడం అయిపోయింది. గుమాస్తా బయటికొచ్చి ఒకసారి పిలిచాడు, ఇంకోసారి పిలిచాడు. వెనక వంతు రేడియేటర్ బావది. అతను తన లారీలోంచి హారను మీద చెయ్యి వేసి తియ్యడం మానేశాడు. నేను చదవడం ఆపి, మావ లేస్తాడని చూశాను.

ఆయన వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం ఎత్తాడు. "ఉండండిరా," అన్నాడు. "లోడెక్కడికీ పోదు. ఆ గుంట లారీ దిగిందో నేదో తేలనీయండి."

హారను ఆగింది. ఇంకా పేజీన్నర ఉంది. మామూలుగా చదివితే అయిదు నిమిషాలు. నేను పావుగంట చదివాను. కామా ఉన్నచోట ఆగాను, లేనిచోటా ఆగాను, ఒకచోట గొంతు సరిగా లేదని మంచినీళ్ళు కూడా తెప్పించుకున్నాను. సిగ్గులేని పిల్ల. రోడ్డు మీద లోడెక్కిన లారీ నిలబడి ఉంది, దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, అన్నీ నా పేజీన్నర కోసం.